కొటేషన్‌లో ‘హెచ్610 బోర్డు’ అని మాత్రమే రాసిస్తే సరిపోదు: డెస్క్‌టాప్ భాగాలు ఒకదానికొకటి కుదురుతాయో లేదో చూసుకునే పద్ధతి

మీ ప్రశ్న ఇదీ: వీడియో ఎడిటింగ్‌కీ, గేమ్‌లకీ ఒక డెస్క్‌టాప్ కట్టించుకోవాలి. షాపువాళ్లు ఇచ్చిన కొటేషన్‌లో ఐ5-12400ఎఫ్ ప్రాసెసర్, హెచ్610 బోర్డు, 16 జీబీ ర్యామ్ ఒకటి, 8 జీబీ ఆర్‌టీఎక్స్ 5060 కార్డు, 1 టీబీ ఎన్‌వీఎమ్‌ఈ ఎస్‌ఎస్‌డీ, 500 వాట్ల ఎస్‌ఎమ్‌పీఎస్ (భాగాలన్నిటికీ కరెంటు అందించే పెట్టె), గ్లాసు క్యాబినెట్ ఉన్నాయి. ఇవన్నీ కలిసి పనిచేస్తాయా? రెండేళ్ల తర్వాత ఐ7 వేసుకోవచ్చా? పాత కంప్యూటర్లో ఉన్న రెండు 8 జీబీ డీడీఆర్4 ర్యాములు, 600 వీఏ యూపీఎస్, వీజీఏ మానిటర్ వాడుకోవచ్చా?

ఈ కాగితం చూసి అవుననో కాదనో ఎవరూ కచ్చితంగా చెప్పలేరు. ఏడు వరుసల్లో పూర్తి పేరు ఉన్నది ప్రాసెసర్‌కి ఒక్కదానికే. హెచ్610 అనేది చిప్‌సెట్ (బోర్డు మీది ముఖ్యమైన చిప్) పేరు, బోర్డు పేరు కాదు. అదే చిప్‌సెట్‌తో డీడీఆర్4 రకం ర్యామ్ తీసుకునే బోర్డులూ ఉన్నాయి, డీడీఆర్5 తీసుకునేవీ ఉన్నాయి. ఒక బోర్డు ఈ రెండింటిలో ఒక్కదాన్నే తీసుకుంటుంది. ర్యామ్ కింద ఉండే గాటు స్థానం రెండింటికీ వేరు. కాబట్టి ఒకటి ఇంకోదాని స్లాటులో కూర్చోదు, బలవంతంగా నొక్కితే స్లాటు పగులుతుంది.

పేరు చదవడం తెలిస్తే సగం పని అయిపోయినట్టే. ఇంటెల్ 12, 13, 14వ తరాల బోర్డుల్లో ఆసుస్ వాళ్లు డీడీఆర్4 మోడల్ చివర ‘డీ4’ అని పెడతారు, ఎమ్‌ఎస్‌ఐ, గిగాబైట్ వాళ్లు ‘డీడీఆర్4’ అని పూర్తిగా రాస్తారు. ‘ప్రో బీ760ఎమ్-ఏ వైఫై డీడీఆర్4’, ‘ప్రో బీ760ఎమ్-ఏ వైఫై’ రెండు వేర్వేరు బోర్డులు. మొదటిది మీ పాత ర్యామ్ తీసుకుంటుంది, రెండోది తీసుకోదు. గిగాబైట్‌లో అయితే బోర్డు మూల మీద ముద్రించిన రివిజన్ నంబరు కూడా చూడాలి, బయాస్ (ఆన్ చెయ్యగానే మొదట నడిచే, బోర్డులోని సాఫ్ట్‌వేర్) ఫైళ్లు రివిజన్‌ని బట్టి మారతాయి.

కాబట్టి డబ్బు కట్టే ముందు షాపులో ప్రతి భాగానికీ పూర్తి మోడల్ పేరు రాయించుకోండి. తర్వాత బోర్డు కంపెనీ సైటులో ఆ మోడల్ సపోర్ట్ పేజీ తెరిచి మూడు చూడండి: ఏ ప్రాసెసర్ ఏ బయాస్ వెర్షన్ నుంచి పనిచేస్తుందో చెప్పే పట్టిక, ర్యామ్ పట్టిక, మాన్యువల్ పీడీఎఫ్. సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లోని కంప్యూటర్ల మార్కెట్ సీటీసీలో కొన్నా, మీ ఊళ్లో కొన్నా, ఆన్‌లైన్‌లో కొన్నా ఈ పని మీరే చెయ్యాలి. సీలు విప్పిన బాక్సును చాలా షాపులు వెనక్కి తీసుకోవు.

ఇక ఐ7 సంగతి. మీ కొటేషన్‌లో నాకు అన్నిటికంటే తేడాగా అనిపించింది ఇదే. సాకెట్ (ప్రాసెసర్ కూర్చునే చోటు) ఒకటే, ఎల్‌జీఏ 1700. కాబట్టి ఐ7-12700 గానీ, ఐ7-14700 గానీ హెచ్610 బోర్డులో కూర్చుంటుంది. కంపెనీ పట్టికలో దాని పేరు కూడా ఉంటుంది. కానీ కూర్చోవడం వేరు, పూర్తి వేగంతో పనిచెయ్యడం వేరు. 12400ఎఫ్ గరిష్ఠంగా 117 వాట్లు లాగుతుంది. 12700 అయితే 180, 14700 అయితే 219 వాట్లు. ఆ కరెంటును ప్రాసెసర్‌కి కావలసిన ఒకటింపావు వోల్టు దగ్గరికి దించి అందించేది సాకెట్ పక్కనుండే వీఆర్‌ఎమ్. చవక హెచ్610 బోర్డుల్లో దానికి ఫేజులు (ఆ భారాన్ని పంచుకునే భాగాలు) తక్కువ, చాలావాటిలో పైన హీట్‌సింక్ కూడా ఉండదు. అరగంట వీడియో ఎక్స్‌పోర్ట్ పెడితే వీఆర్‌ఎమ్ వేడెక్కి బోర్డు ప్రాసెసర్ వేగాన్ని తగ్గించేస్తుంది. కంప్యూటర్ ఆగదు, ఎర్రర్ రాదు, ఐ7కి డబ్బు పెట్టి ఐ5 వేగం పొందుతారు. ఏసీ లేని గదిలో, విజయవాడ, రామగుండం ఎండాకాలంలో గదిలోనే 38 డిగ్రీలు దాటుతుంటే ఇది ఇంకా త్వరగా జరుగుతుంది.

ఐ7 ఆలోచన నిజంగా ఉంటే ఇప్పుడే వీఆర్‌ఎమ్ మీద హీట్‌సింకులున్న బీ760 (హెచ్610 కంటే పై స్థాయి చిప్‌సెట్) బోర్డు తీసుకోండి. ఆ ఆలోచన లేకపోతే 12400ఎఫ్‌కి మామూలు హెచ్610 చాలు, అందులో తప్పేమీ లేదు. 13, 14వ తరం ప్రాసెసర్‌కి బయాస్ కొత్తది కావాలి, ఎందుకంటే హెచ్610 బోర్డులు 2022 జనవరిలో 12వ తరంతో వచ్చాయి. 13, 14వ తరాల ఐ7, ఐ9లలో ఎక్కువ వోల్టేజీ వల్ల ప్రాసెసర్ మెల్లగా దెబ్బతినే సమస్య బయటపడింది. దానికి ఇంటెల్ 2024లో మైక్రోకోడ్ (బయాస్‌తో పాటు వచ్చే ప్రాసెసర్ లోపలి ప్రోగ్రామ్) సవరణలు ఇచ్చింది. ఆ ఏడాది సెప్టెంబరులో వచ్చిన 0ఎక్స్12బీ గానీ, ఆ తర్వాతది గానీ ఉన్న బయాస్ వేశాకే ఐ7 పెట్టండి. సెకండ్ హ్యాండ్ 13900కే, 14900కే లాంటివి చవగ్గా దొరుకుతున్నా వద్దు. పాత బయాస్‌తో ఎన్నాళ్లు నడిచిందో బయటి నుంచి చూస్తే తెలియదు, అప్పటికే జరిగిన నష్టాన్ని కొత్త బయాస్ సరిచెయ్యలేదు.

14వ తరంతో ఎల్‌జీఏ 1700 అయిపోయింది. కోర్ అల్ట్రా 200 వరుసకి ఎల్‌జీఏ 1851 సాకెట్, అంటే కొత్త బోర్డు. ముందు ముందు ప్రాసెసర్ మాత్రమే మార్చుకుంటూ పోవాలనుకునేవాళ్లకి ఏఎమ్‌డీ ఏఎమ్5 సాకెట్ మేలు. 2027 దాటేదాకా దాన్ని కొనసాగిస్తామని ఏఎమ్‌డీ చెప్పింది. కాకపోతే అందులో డీడీఆర్5 తప్ప వేరే దారి లేదు. అక్కడా బయాస్ గొడవ ఉంది: బీ650 బోర్డులో రైజెన్ 5 7600ఎక్స్ మొదటి రోజు నుంచీ పనిచేస్తుంది, 9600ఎక్స్ మాత్రం పాత స్టాకు బోర్డులో పెడితే డిస్‌ప్లే రాదు. ‘బయాస్ ఫ్లాష్‌బ్యాక్’ బటన్ ఉన్న బోర్డైతే ప్రాసెసర్ లేకుండానే పెన్‌డ్రైవ్‌తో అప్‌డేట్ చెయ్యచ్చు. పెన్‌డ్రైవ్ ఫ్యాట్32లో ఫార్మాట్ అయి ఉండాలి, ఫైలుకి మాన్యువల్‌లో చెప్పిన పేరే పెట్టాలి, వెనక గుర్తు వేసి ఉన్న యూఎస్‌బీ పోర్టులోనే పెట్టాలి. ఈ మూడింట్లో ఏది తప్పినా లైటు కాసేపు వెలిగి ఆగిపోతుంది, అప్‌డేట్ మాత్రం అవ్వదు.

మీ దగ్గర డీడీఆర్4 ఉంది కాబట్టి, పైగా 2025 చివరి నుంచి ర్యామ్ ధరలు బాగా పెరిగాయి కాబట్టి, డీడీఆర్4 తీసుకునే బీ760 బోర్డు వైపే నేను మొగ్గుతాను. 12400కి డీడీఆర్4, డీడీఆర్5 మధ్య వచ్చే తేడా బోర్డునీ ర్యామ్‌నీ కొత్తగా కొనేంత పెద్దది కాదు. పాత ర్యామ్ మీద స్టిక్కర్ చూడండి. 2400 అనో 2666 అనో ఉంటే ఆ వేగంతోనే నడుస్తుంది, 3200 అయితే సరిగ్గా సరిపోతుంది. అది ల్యాప్‌టాప్ ర్యామ్ కాకూడదు, పొడవు సగమే ఉంటుంది కాబట్టి చూడగానే తెలుస్తుంది. చవగ్గా వస్తుందని సర్వర్లలోంచి తీసిన ‘రిజిస్టర్డ్ ఈసీసీ’ ర్యామ్ అంటగడుతుంటారు. అది స్లాటులో చక్కగా కూర్చుంటుంది గానీ ఈ బోర్డుల్లో స్టార్టే అవ్వదు.

ఒక్క 16 జీబీ ర్యామ్ పెట్టమన్న సలహా మాత్రం వినకండి. ఒకటే పెడితే రెండు ఛానెళ్లలో ఒకటి ఖాళీగా ఉండి, ర్యామ్ నుంచి డేటా వచ్చే వెడల్పు సగానికి పడిపోతుంది. మీ రెండు 8 జీబీలతో 16 జీబీ డ్యూయల్ ఛానెల్ ఇప్పటికే ఉన్నట్టే. ఎడిటింగ్‌కి రేపు 32 కావాలనిపిస్తుంది, అప్పుడు హెచ్610తో ఇంకో ఇబ్బంది: అందులో ర్యామ్ స్లాట్లు రెండే, ఉన్నవి తీసేసి కొత్తవి కొనాలి. నాలుగు స్లాట్ల బీ760లో ఇంకో రెండు చేర్చుకోవచ్చు. వేర్వేరు కంపెనీలవి కలిపితే కొన్నిసార్లు వేగం తగ్గించాల్సి వస్తుంది గానీ డీడీఆర్4లో చాలావరకు నడుస్తాయి. డీడీఆర్5లో నాలుగు స్టిక్కులు పెట్టకండి, వేగం దారుణంగా పడిపోతుంది, రెండు పెద్దవి కొనడమే మంచిది. హెచ్610లో ర్యామ్ ఓవర్‌క్లాక్ (నిర్ణీత వేగాన్ని దాటించడం) లేదు కాబట్టి 12400ఎఫ్‌తో అందులో 6000 వేగం డీడీఆర్5 పెట్టినా 4800 దగ్గరే ఆగుతుంది. బీ760లో ఎక్స్‌ఎమ్‌పీ అనే సెట్టింగ్ ఆన్ చేస్తే ర్యామ్ పెట్టె మీది వేగం వస్తుంది. దాన్ని బయాస్‌లోకి వెళ్లి మీరే ఆన్ చెయ్యాలి, దానంతట అది అవ్వదు.

ప్రాసెసర్‌లో ఆ ‘ఎఫ్’ ఒక్క అక్షరం గురించి: ఎఫ్ ఉంటే లోపల గ్రాఫిక్స్ ఉండదు. ధర తేడా మరీ ఎక్కువ కాకపోతే ఎఫ్ లేని 12400 తీసుకోండి. దానిలోని యూహెచ్‌డీ 730 గ్రాఫిక్స్‌కి క్విక్‌సింక్ (వీడియోని వేగంగా చదివే, రాసే భాగం) ఉంది, ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్‌లో హెచ్‌ఈవీసీ రకం వీడియో టైమ్‌లైన్ మీద సాఫీగా కదలడానికి అది పనికొస్తుంది. కార్డు వారంటీకి వెళ్లిన రోజుల్లో కంప్యూటర్ మూలపడకుండా ఉంటుంది. ఇంకో విషయం, ‘ట్రే’ ప్రాసెసర్ ఇస్తుంటే ఒప్పుకోకండి. ట్రేలో కూలర్ ఉండదు, బాక్సుకి ఉండే కంపెనీ వారంటీ దానికి ఉండదు.

కార్డు బోర్డుకి ఇబ్బంది లేదు. ఆర్‌టీఎక్స్ 5060 ఎనిమిది పీసీఐఈ లేన్లే (కార్డుకి డేటా వెళ్లే దారులు) వాడుతుంది. ఎల్‌జీఏ 1700 బోర్డుల్లో ఆ స్లాటు కనీసం పీసీఐఈ 4.0 కాబట్టి సరిపోతుంది. ఇదే కార్డును పీసీఐఈ 3.0 మాత్రమే ఉన్న పాత హెచ్410 లాంటి బోర్డులో పెడితే, 8 జీబీ మెమరీ నిండే గేమ్‌లలో తడబాటు స్పష్టంగా కనిపిస్తుంది. మానిటర్ దగ్గర జాగ్రత్త. ఈ కార్డు మీద మూడు డిస్‌ప్లేపోర్టులు, ఒక హెచ్‌డీఎమ్‌ఐ మాత్రమే ఉంటాయి, వీజీఏ లేదు. మీ వీజీఏ మానిటర్‌కి హెచ్‌డీఎమ్‌ఐ నుంచి వీజీఏకి మార్చే యాక్టివ్ కన్వర్టర్ కావాలి, లోపల చిప్ లేని వట్టి కేబుల్ పనిచెయ్యదు. రంగులు చూసుకుని ఎడిటింగ్ చేసేవాళ్లయితే ఆ మానిటర్ని మార్చేయడమే నయం.

ఎన్‌వీఎమ్‌ఈ సంగతి తొందరగా చెప్పేస్తాను. హెచ్610 బోర్డుల్లో ఎమ్.2 స్లాటు (ఈ ఎస్‌ఎస్‌డీ పెట్టే చోటు) మామూలుగా జెన్3, అంటే పీసీఐఈ 3.0, కాబట్టి జెన్4 ఎస్‌ఎస్‌డీ పెట్టినా సెకనుకి దాదాపు 3,500 ఎంబీ దగ్గర ఆగుతుంది. బీ760లో జెన్4 పూర్తిగా వస్తుంది. పాత ఎమ్.2 సాటా (ఎన్‌వీఎమ్‌ఈ కంటే పాత, నెమ్మది రకం) ఎస్‌ఎస్‌డీ తెచ్చి పెట్టాలనుకుంటే ఆ స్లాటు సాటాని కూడా ఒప్పుకుంటుందో లేదో మాన్యువల్‌లో చూడండి. ఆకారం ఒకటే అయినా కొన్ని స్లాట్లు ఎన్‌వీఎమ్‌ఈని మాత్రమే గుర్తిస్తాయి. కొన్ని బోర్డుల్లో ఒక ఎమ్.2 స్లాటు నింపితే ఒకటో రెండో సాటా పోర్టులు పనిచెయ్యడం మానేస్తాయి. హార్డ్‌డిస్కు పోయిందని కంగారుపడకుండా మాన్యువల్‌లోని ఆ చిన్న పట్టిక చూసి వేరే పోర్టుకి మార్చండి.

ఎస్‌ఎమ్‌పీఎస్ దగ్గర మాత్రం నెమ్మదిగా చూద్దాం, ఎందుకంటే మిగతావన్నీ పాడు చెయ్యగలిగిన భాగం ఇదొక్కటే. ‘500 వాట్లు’ అన్న పెద్ద అక్షరాలు వదిలేసి, పక్కన అతికించిన పట్టిక చదవండి. అందులో +12 వోల్ట్ల కింద ఎన్ని ఆంపియర్లు రాశారో చూసి 12తో గుణించండి. 45 ఆంపియర్లుంటే 540 వాట్లు, అది నిజాయితీ గల 550 వాట్ల యూనిట్. 28 ఆంపియర్లే ఉంటే 336 వాట్లు, మిగతాదంతా పెద్దగా అక్కర్లేని 3.3, 5 వోల్ట్ల లైన్లలో కలిపి చూపించిన లెక్క. ఇప్పటి కంప్యూటర్లో ప్రాసెసర్, కార్డు రెండూ 12 వోల్ట్ల నుంచే తీసుకుంటాయి. మీ లెక్క: ప్రాసెసర్ 117, కార్డు 145, బోర్డు, ర్యామ్, డ్రైవ్, ఫ్యాన్లు కలిపి ఓ 55, మొత్తం 317 వాట్లు. కార్డు క్షణకాలం పాటు దీనికంటే చాలా ఎక్కువ లాగుతుంది కూడా. 336 వాట్ల యూనిట్ మీద ఇది పెడితే గేమ్ మధ్యలో బ్లూ స్క్రీన్ కూడా లేకుండా టక్కున రీస్టార్ట్ అవుతుంది. అందరూ ర్యామ్‌ని, విండోస్‌ని అనుమానిస్తూ కూర్చుంటారు. ఎన్‌విడియా ఈ కార్డుకి 550 వాట్లు సూచించింది. ఐ7 ఉద్దేశం ఉంది కాబట్టి 80 ప్లస్ బ్రాంజ్ (కరెంటు వృథా తక్కువని చెప్పే ముద్ర) లేదా పైది, 650 వాట్లు తీసుకోండి. క్యాబినెట్‌తో పాటు ఉచితంగా వచ్చే ఎస్‌ఎమ్‌పీఎస్ ఈ కార్డుకి వాడొద్దు.

వైర్లు కూడా లెక్కలోకే వస్తాయి. ప్రాసెసర్‌కి 4+4 పిన్నులు, కార్డుకి 6+2 పిన్నులు. రెండూ ఎనిమిదే, కానీ 12 వోల్ట్లు, గ్రౌండ్ ఉండే వరసలు తారుమారుగా ఉంటాయి. ప్లాస్టిక్ ఆకారం అడ్డుపడుతుంది గానీ బలంగా తోస్తే ఎక్కేవి ఉన్నాయి, ఎక్కితే షార్టే. కార్డుకి వైరు లేదని సాటా నుంచి 8 పిన్‌కి కన్వర్టర్ పెట్టడం ఇంకా ప్రమాదం. సాటా కనెక్టర్ 12 వోల్ట్ల మీద 54 వాట్లే మోయగలదు, 8 పిన్ 150 వాట్లు అడగగలదు, ప్లాస్టిక్ కరిగేది అక్కడే. మాడ్యులర్ (కేబుళ్లు ఊడదీయగలిగే) ఎస్‌ఎమ్‌పీఎస్ అయితే పాత యూనిట్ కేబుళ్లు కొత్తదానికి పెట్టకండి. ఎస్‌ఎమ్‌పీఎస్ వైపు పిన్నుల అమరికకి ప్రమాణం లేదు, అదే కంపెనీలో కూడా మోడల్‌ని బట్టి మారుతుంది. 5 వోల్ట్లు రావాల్సిన చోట 12 వస్తే హార్డ్‌డిస్కు, దాంట్లోని ఫోటోలు రెండూ పోతాయి.

మీ 600 వీఏ యూపీఎస్ చాలదు. వాటిలో ఎక్కువ 360 వాట్లే ఇస్తాయి. లోపల 317 వాట్లు వాడే కంప్యూటర్ గోడ నుంచి ఓ 375 లాగుతుంది, మానిటర్ కలిపితే 400. బ్రౌజింగ్ చేస్తుంటే నిలబడుతుంది, ఎక్స్‌పోర్ట్ నడుస్తుండగా కరెంటు పోతే యూపీఎస్ కూడా అదే క్షణంలో పడిపోతుంది. వెనక 600 వాట్లు అని రాసి ఉన్న 1000 లేదా 1100 వీఏది చూడండి.

క్యాబినెట్‌కి మూడు కొలతలు అడగండి: కార్డు పొడవు ఎంతవరకు, కూలర్ ఎత్తు ఎంతవరకు, బోర్డు సైజు ఏది. రెండు ఫ్యాన్ల 5060 కార్డులు పొట్టివే, చాలా క్యాబినెట్లలో పడతాయి. కూలర్ దగ్గర తప్పుతుంది. డీప్‌కూల్ ఏకే400 ఎత్తు 155 మిల్లీమీటర్లు, సన్నటి క్యాబినెట్‌లో గ్లాసు మూసుకోదు. 12400కి బాక్సులో వచ్చే కూలర్ చాలు, 14700కి చాలదు. పాత ఎల్‌జీఏ 1200 కూలర్ ఉంటే 1700 బ్రాకెట్ కావాలి, రంధ్రాల మధ్య దూరం 75 నుంచి 78 మిల్లీమీటర్లకి మారింది. ముందువైపు పూర్తి గ్లాసు ఉన్న క్యాబినెట్ గాలిని ఆపేస్తుంది, మన వేడికి ముందు జాలీ ఉన్నదే తీసుకోండి. క్యాబినెట్ ముందువైపు టైప్-సీ పోర్టు ఉంటే బోర్డు మీద దాని వైరు తగిలించే హెడర్ ఉందో లేదో చూడాలి, చాలా హెచ్610 బోర్డుల్లో ఉండదు. రంగు లైట్ల ఫ్యాన్లలో లైట్ల వైరు 3 పిన్నులదైతే 5 వోల్ట్లు, 4 పిన్నులదైతే 12 వోల్ట్లు. 5 వోల్ట్ల లైట్లను 12కి తగిలిస్తే వెంటనే మాడిపోతాయి.

అంటే షాపుకి మీరు ఇవ్వాల్సిన కాగితం ఇలా ఉండాలి:

ఐ5-12400, బాక్సుది.
హీట్‌సింకులున్న బీ760 బోర్డు, నాలుగు స్లాట్లు, పేరు చివర డీడీఆర్4 లేదా డీ4, పూర్తి మోడల్ పేరుతో.
పాత 8 జీబీ ర్యాములు రెండు, డబ్బులుంటే ఇంకో జత.
ఆర్‌టీఎక్స్ 5060, కంపెనీ, మోడల్ పేర్లతో.
1 టీబీ జెన్4 ఎన్‌వీఎమ్‌ఈ.
650 వాట్ల బ్రాంజ్, 12 వోల్ట్ల మీద 50 ఆంపియర్లకు పైన.
ముందు జాలీ ఉన్న క్యాబినెట్, కూలర్ ఎత్తు 160 మి.మీ. పట్టేది.
జీఎస్‌టీ బిల్లు, ప్రతి వస్తువు సీరియల్ నంబరుతో.

బోర్డు పెట్టె విప్పగానే, ప్రాసెసర్ పెట్టకముందే, సాకెట్ మీది నల్ల మూత తీసి ఫోన్ టార్చి పక్క నుంచి వేసి చూడండి. పిన్నులన్నీ ఒకే వాలులో మెరవాలి. ఎక్కడైనా ఒక చుక్క మెరుపు తప్పితే అక్కడ పిన్ను వంగినట్టు. షాపులోనే ఫోటో తీసి బోర్డు మార్పించుకోండి, తర్వాత చెబితే వారంటీ రాదు. ఆ నల్ల మూత పారేయకండి, బోర్డు వారంటీకి పంపేటప్పుడు అది ఉండి తీరాలి.

బిగించేటప్పుడు క్యాబినెట్‌లోని ఇత్తడి స్టడ్‌లు బోర్డు రంధ్రాల కిందే ఉండాలి. మైక్రో ఏటీఎక్స్ (చిన్న సైజు) బోర్డు పెడుతూ పెద్ద బోర్డుకి వేసిన స్టడ్ ఒకటి తియ్యడం మరిస్తే అది వెనకవైపు తగిలి షార్ట్ అవుతుంది. ర్యామ్ రెండే అయితే ప్రాసెసర్ వైపు నుంచి లెక్కపెట్టి రెండో, నాలుగో స్లాట్లలో పెట్టండి.

మొదటిసారి ఆన్ చేస్తే ఫ్యాన్లు తిరుగుతూ డిస్‌ప్లే రాకపోతే ఈ వరసలో చూడండి. మానిటర్ వైరు బోర్డుకి కాకుండా కార్డుకి ఉందా? బోర్డు పై మూలన ఉండే ప్రాసెసర్ 8 పిన్ పెట్టారా? ఎక్కువమంది మరిచేది అదే. కార్డు 8 పిన్ క్లిక్‌మనేదాకా వెళ్లిందా? ర్యామ్ రెండు చివర్లూ దిగాయా? అప్పటికీ రాకపోతే స్విచ్ ఆపి, ప్లగ్ తీసి, ఒక్క ర్యామ్‌ని రెండో స్లాటులో మాత్రం ఉంచి, బోర్డు మీది గుండ్రటి బ్యాటరీని అయిదు నిమిషాలు తీసి ఉంచి, తిరిగి పెట్టి ఆన్ చెయ్యండి. డీడీఆర్5 బోర్డైతే మొదటిసారి ర్యామ్‌ని సరిచూసుకోవడానికి కొన్ని నిమిషాలు నల్లస్క్రీన్‌తోనే ఉంటుంది, మధ్యలో ఆపకూడదు.

కంప్యూటర్ నడుస్తూ ఉండగా క్యాబినెట్ ఇనుము ముట్టుకుంటే చిన్నగా జివ్వుమంటే అది చాలావరకు ఎస్‌ఎమ్‌పీఎస్ తప్పు కాదు, ఇంటి ప్లగ్‌లో ఎర్త్ లేదని అర్థం. ఎస్‌ఎమ్‌పీఎస్ లోపలి ఫిల్టర్ కెపాసిటర్ల వల్ల ఎర్త్ లేనప్పుడు బాడీ మీదికి మెయిన్స్‌లో దాదాపు సగం, అంటే 115 వోల్ట్ల దాకా వస్తుంది. కరెంటు చాలా తక్కువే, మనిషికి పెద్ద ప్రమాదం ఉండదు, కానీ ఆన్‌లో ఉండగా హెచ్‌డీఎమ్‌ఐ వైరు పెట్టి తీస్తే కార్డు పోర్టు కాలిపోగలదు. పాత ఇళ్లలో మూడో రంధ్రం ఉంటుంది గానీ దాని వెనక వైరు ఉండదు. ఎలక్ట్రీషియన్ చేత మల్టీమీటర్‌తో ఫేజుకీ ఎర్త్‌కీ మధ్య కొలిపించండి, 230 దగ్గర రావాలి. ఆ తర్వాత న్యూట్రల్‌కీ ఎర్త్‌కీ మధ్య చూస్తే రెండు మూడు వోల్ట్లకు మించకూడదు.